కొనుక్కున్న ప్రాజెక్టులు ఇక చాలు!

అమీర్‌పేటలో మైత్రీవనం దాటి ఏ సందులోకి తిరిగినా మన తరం తలదించుకోవాల్సిన బోర్డులు కనిపిస్తాయి. ఫైనలియర్ ప్రాజెక్టులు ఇచ్చట లభించును! బేస్ పేపర్, కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, అన్నీ కలిపి ఒకటే రేటు. వైవాలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో కూడా వాళ్లే నేర్పి పంపిస్తారు. నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో మన పేరు మెరుస్తుంది. లోపల కృతజ్ఞతల పేజీలో మాత్రం పోయినేడాది కొన్నవాడి గైడు పేరు అలాగే ఉండిపోతుంది. దాన్ని మనమూ చదవం, సంతకం పెట్టే సారూ చదవరు. పైన టైటిలేమో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్! సొంత కాలేజీ లైబ్రరీ గడప తొక్కనివాడు సమర్పించిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్!

నవ్వొస్తోందా? నాకైతే ఒళ్లు మండుతోంది.

మనం చదువుతున్నదేమిటో మనకైనా తెలుసా? బీటెక్‌లో ఐటీ అనండి, ఎంబీయేలో సిస్టమ్స్ అనండి, సముద్రం దాటాక ఎంఎస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనండి, టెక్నాలజీ మేనేజ్‌మెంట్ అనండి. పేరేదైనా సారం ఒకటే. సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, ఎక్కడ తప్పుతుంది, తప్పితే ఎవరి నెత్తిన పడుతుంది, ఎవరు జవాబు చెప్పాలి! ఎడ్గార్ కాడ్ 1970లో రాసిన ఒక్క పత్రం రిలేషనల్ డేటాబేసులకు పునాది వేసింది. మనం ఆ మహాశ్రమను నార్మల్ ఫారాలుగా బట్టీపట్టి, పరీక్ష హాల్లో దింపేసి, గేటు దాటేలోగా మరిచిపోయాం. కొత్త సిస్టమ్ పెట్టినప్పుడు పాతదాన్ని ఠక్కున ఆపెయ్యకూడదు, కొన్నాళ్లు రెండూ పక్కపక్కన నడిపి లెక్కలు సరిచూసుకోవాలి. దీన్నే పేరలల్ రన్ అంటారు. మనకది 5 మార్కుల ప్రశ్న. చాయిస్‌లో వదిలేసే ప్రశ్న!

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజులు గుర్తున్నాయా? ఆ ఏడాదే ఫలితాల పని కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లింది. తెలుగులో 99 వచ్చిన అమ్మాయి మెమోలో సున్నా కూర్చుంది. 3 లక్షలకు పైగా పిల్లలు తప్పారు. పొరపాట్లు జరిగాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే తేల్చింది. ఆ రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి మరణానికీ ఆ సాఫ్ట్‌వేరే కారణమని అనను, అనకూడదు కూడా. కానీ తన మార్కు నిజమో అబద్ధమో తేల్చుకోలేని స్థితిలోకి లక్షలమంది పిల్లలను నెట్టడం చిన్న నేరమా? ఆ కోడ్ రాసినవాళ్లు, సరిచూడాల్సినవాళ్లు, సంతకాలు పెట్టినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారు? మనలాంటి క్లాసురూముల్లోంచి కాదా? మన గైడు పుస్తకాలే చదివి రాలేదా?

ఇది మన ఒక్కరి పాపమే కాదు. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ లేని లోటు చూపించింది. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లు దొంగలుగా ముద్రపడి శిక్షలకు గురయ్యారు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తుందని కోర్టులు ముందే అనుకోవడం ఆ దేశపు న్యాయసూత్రం మరి! నిర్దోషుల మీద పడిన నేరముద్రను చెరిపేయడానికి 2024లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. తెర మీద అంకె కనపడగానే చేతులు కట్టుకునే లోకానికి, ఆగండి, ఈ అంకె ఎలా పుట్టిందో చూపించండి అని నిలదీయగల చదువు మనది. అంత చదువును మనం దేనికి తాకట్టు పెట్టాం?

వీసాకి! చిలుకూరులో ప్రదక్షిణలు, కన్సల్టెన్సీలో క్యూలు. చిన్నప్పటినుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం అంటూ పాతికమందికి ఒకే మూసలో ఎస్ఓపీలు. ఏ ప్రొఫెసర్ ఏం చెబుతాడో అడగం, పార్ట్‌టైమ్ దొరుకుతుందా అని అడుగుతాం. క్లాసులే లేని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వం పన్నిన వల అని 2019లో బయటపడితే, అందులో చిక్కినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరు! వెళ్లొద్దని నేననను. వెళ్లండి, గెలవండి. అయితే చదవడానికి వెళ్లండి!

తప్పంతా మనదేనా అంటారు. కాదు. లాబుల్లో దుమ్ము పట్టిన మిషన్లు, ఉన్న నలుగురు సార్లకు నలభై క్లాసులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క తప్ప మరో లెక్క పట్టని యాజమాన్యాలు. నిజమే. అందుకని ఇరవై ఏళ్ల వయసును, ఇంత మెదడును, ఇంత కండను రెక్సిన్ అట్టల మధ్య పాతిపెట్టుకుందామా?

రేషన్ షాపు దగ్గర ఒక్క పూట నిలబడి చూడండి. వరినాట్లకు, కలుపుకు అరిగిపోయిన వేలు. ఒక అవ్వ దాన్ని వేలిముద్రలు తీసుకునే ఈ-పాస్ మిషన్ మీద పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. పడదు. ఇంకో వేలు. "పడట్లేదవ్వా, రేపు రా" అంటాడు డీలర్. వేలిముద్ర పడనివాళ్లకు బియ్యమిచ్చే మరో దారి రూల్సులో ఉంటుంది. అది ఈ షాపు దాకా ఎందుకు రాలేదు? ఎన్నిసార్లు పడకపోతే ఆ దారి తెరవాలి? తిప్పి పంపినవాళ్ల లెక్క ఎవరి పుస్తకంలో ఉంది? మన సబ్జెక్టు అక్కడుంది! ఆ అరిగిన వేలి చివర ఉంది!

ఇలా నిలదీయడం మనవల్ల కుదరదంటారా? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. పనిదినాలు, కొలతలు, కూలి డబ్బులు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎవరైనా చూసేలా పెట్టింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఆ లెక్కల కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నీకు నిజంగా ఇంత ముట్టిందా అని కూలీలను అడిగి, జనం మధ్య సోషల్ ఆడిట్ చేసి దొంగ మస్టర్లను బయటపెట్టింది ఎవరు? ఐఐటీ పట్టభద్రులు కాదు. కూలీల ఇళ్లలో పుట్టిన పల్లె పిల్లలు, మన వయసువాళ్లు! వాళ్లకు లాప్‌టాప్ లేదు. అడిగే గుండె ఉంది. రెండూ ఉన్న మనం ఏం చేయలేం?

ఒక్కో కాలేజీ ఒక్కో మండలం పట్టుకుంటే చాలు! నలుగురు మీసేవ కౌంటర్‌లో ఇచ్చిన ఒక దరఖాస్తు వెంట నడవాలి. ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు ఆగిందో రాయాలి. నలుగురు పీహెచ్‌సీలో మందుల రిజిస్టరునూ తెర మీద స్టాకునూ పక్కపక్కన పెట్టి చూడాలి. నలుగురు మార్కెట్ యార్డులో రైతు చేతి చీటీనీ సిస్టమ్‌లో తూకాన్నీ పోల్చాలి. డల్లాస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్న సీనియర్లు వారాంతంలో ఒక గంట కాల్‌లోకి వచ్చి వీటి మీద మనం గీసిన డిజైన్‌ను చీల్చి చెండాడాలి. దొరికిన తప్పును తహసీల్దారు ముందు, కలెక్టరు ముందు, గ్రామసభ ముందు పెట్టాలి. మనం అడగకపోతే ఎవరడుగుతారు? ఇప్పుడు కాకపోతే మరెప్పుడు?

ప్రాజెక్టు టైటిళ్లకు గడువు దగ్గరపడిందా? అయితే ఈ పూటే రాయండి: మా మండలంలో వేలిముద్ర పడనివాళ్ల రేషన్. గైడు కుదరదంటే హెచ్‌వోడీ దగ్గరికి, ఆయన కాదంటే ప్రిన్సిపాల్ గదికి. నలుగురం కాదు, క్లాసు క్లాసంతా లేచి వెళ్దాం, పదండి!