ఎముకకు కబురు అందితేనే...

ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగిందంటే, ముందు విజయవాడ సూర్యారావుపేటలోని డాక్టరు దగ్గరకు పరుగు. ఇంటికొచ్చాక నల్లేరు పచ్చడి. కృష్ణా డెల్టా ఊళ్లలో మామూలే. అయితే డాక్టరు వేసిన కట్టు ఎముకను కదలకుండా ఉంచుతుందంతే. అతుక్కునేది ఎముకే. మరి అతుక్కోమని దానికి చెప్పేదెవరు?

ఆ గుట్టు 1965లో బయటపడింది. అమెరికా సర్జన్ మార్షల్ యూరిస్ట్, ఖనిజాలు తీసేసిన ఎముక ముక్కను జంతువు కండలో పెట్టి చూశాడు. కొన్ని వారాలకు కండ మధ్యలో కొత్త ఎముక పుట్టింది! కాల్షియం పోయినా ముక్కలో మిగిలిన ఓ ప్రొటీన్ చేసిన పని అది. పేరు బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్... పొట్టిగా బీఎంపీ. ఎముక కట్టమని చుట్టూ ఉన్న కణాలకు కబురు చెప్పేది ఇదే.

ఒక్క కబురే చాలదని తేల్చినవారిలో మనవాళ్లున్నారు. భారతీయ మూలాలున్న టి.కె. సంపత్, ఎ.హరి రెడ్డి 1981లో ఎముక నుంచి ప్రొటీన్లను విడదీశారు. అవి విడిగా పనిచేయలేదు, మిగిలిన పీచూ పనిచేయలేదు. రెండూ కలిపితేనే ఎముక పుట్టింది. విత్తనానికి నారుమడి కావాలన్నట్టు!

కిలోల కొద్దీ ఎముకల్లో వెతికినా బీఎంపీ దొరికేది మైక్రోగ్రాముల్లోనే. 1988లో దాని జన్యువులు చిక్కాయి. ఇప్పుడు ఆ జన్యువును బ్యాక్టీరియాలోనో, చిట్టెలుక కణాల్లోనో పెట్టి ప్రొటీన్ తయారుచేయిస్తున్నారు. ప్రయోగశాలలకు వెళ్లే చిన్న సీసాల మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది.

ఆ హెచ్చరిక ఊరికే కాదు. వెన్నెముక ఆపరేషన్లలో వాడేందుకు మందుగా చేసిన బీఎంపీకి 2002లో అమెరికా అనుమతిచ్చింది. మెడ దగ్గర వాడితే కొందరికి వాపొచ్చి ఊపిరాడలేదని 2008లో ఆ దేశమే హెచ్చరించింది. కాలువ నీళ్లయినా అంతే కదా... లాకులు దాటి ముంచెత్తితే పోయేది పంటే.

అందుకే 'ఎముక అతికించే ప్రొటీన్' అంటూ ఎవరైనా డబ్బా చేతిలో పెడితే ఆలోచించాలి. బీఎంపీని సర్జన్ విరిగినచోటే అమర్చాలి. తాగితే పప్పులోని మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. నల్లేరు సారాన్నీ ప్రయోగశాలల్లో ఎముక కణాల మీద పరీక్షిస్తున్నారు. అలాగని పచ్చడి కట్టుకు బదులు కాదు. కదలకుండా ఉండటం, సరైన తిండి, పొగ మానడం, షుగరుంటే అదుపు... ఎముకకు కావాల్సినవి ఇవే.

పచ్చడి రుచికి తినొచ్చు. ఎముక అతకడం మాత్రం నల్లేరు మీద బండి నడక కాదు!