ఒకే గడప... మూడు మతాలు!

లండన్‌లో బ్రిక్ లేన్, ఫోర్నియర్ వీధి కలిసేచోట ఓ పాత ఇటుకల కట్టడం ఉంది. ఇప్పుడది మసీదు. అంతకుముందు యూదుల ప్రార్థనామందిరం... సినగాగ్. అంతకన్నా ముందు చర్చి. లోపల ప్రార్థించే భాష మారుతూ వచ్చిందే తప్ప, ఆ గోడల్ని ఎవరూ పడగొట్టలేదు.

1743లో దాన్ని కట్టుకున్నది హ్యూగనాట్లు. ఫ్రాన్స్‌కు చెందిన ప్రొటెస్టెంట్లు. 1685లో పద్నాలుగో లూయీ వారి మతస్వేచ్ఛను రద్దు చేయడంతో వేల కుటుంబాలు దేశం వదిలాయి. స్పిటల్‌ఫీల్డ్స్ అనే ఈ పేటకు చేరినవాళ్లు పట్టు మగ్గాలు పెట్టుకుని బతికారు. చర్చి గోడకు నీడ గడియారం అమర్చి, 'మనం నీడలం' అనే అర్థం వచ్చే లాటిన్ మాటలు చెక్కించారు. ఇప్పటికీ అవి ఉన్నాయి.

కాలక్రమంలో వాళ్ల పిల్లలు ఇంగ్లిష్ జనంలో కలిసిపోయారు. 1809లో ఆ భవనంలోకి ఓ క్రైస్తవ సంఘం వచ్చింది. దాని పని... యూదుల్ని క్రైస్తవులుగా మార్చడం! పదేళ్లకే అది వెళ్లిపోయి మెథడిస్టులు వచ్చారు. చిత్రమేమిటంటే, 1898లో అదే భవనం యూదుల చేతికొచ్చి, సినగాగ్ అయింది!

1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత అక్కడి యూదుల మీద దాడులు పెరిగాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని లండన్ చేరినవారిలో చాలామంది కుట్టుపనితో పొట్టపోసుకున్నారు. స్థానికులకు అది కంటగింపైంది. పేద వలసదారుల్ని అడ్డుకోవడానికి 1905లో చట్టమే వచ్చింది. అయినా వాళ్లు నిలదొక్కుకున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక గోల్డర్స్ గ్రీన్ వంటి ఉత్తర శివార్లకు తరలిపోయారు. సినగాగ్‌కి వచ్చేవాళ్లే కరవయ్యారు.

ఆ తర్వాత బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్ల వంతు. వాళ్లలోనూ ఎందరికో బట్టలు కుట్టే పనే దిక్కు. 1976లో సినగాగ్ మసీదుగా మారింది. రెండేళ్లకే, 1978 మే 4న, ఆల్తాబ్ అలీ అనే యువ కార్మికుణ్ని పని ముగించుకుని ఇంటికెళ్తుండగా జాతివిద్వేషంతో చంపేశారు. వేలమంది అతని శవపేటిక వెంట ప్రధాని నివాసం దాకా నడిచారు. దగ్గర్లోని పార్కుకి 1998లో అతని పేరే పెట్టారు.

ఇప్పుడు పేట రూపమే వేరు. అక్కడి పెద్ద బీరు కర్మాగారం 1980ల చివర్లో మూతపడింది. పండ్లూ కూరగాయల టోకు మార్కెట్ 1991లో వేరేచోటికి తరలింది. వాటి స్థానంలో ఆఫీసులూ, స్టూడియోలూ, ఖరీదైన దుకాణాలూ వెలిశాయి. ఒకప్పుడు నేతగాళ్లు మగ్గం నేసిన ఇళ్లు ఇప్పుడు కోట్ల రూపాయలు పలుకుతున్నాయి.

ఊరుగాని ఊరొచ్చిన పేదలే ఒకరి తర్వాత ఒకరు ఆ గడప తొక్కారు. వాళ్లకు పక్క వీధిలోనే తలదాచుకునే గది దొరికింది కాబట్టే అది సాధ్యమైంది. ఇకముందు ఏ దేశం నుంచి ఎవరు తరిమివేతకు గురై వచ్చినా, ఆ వీధిలో అద్దె కట్టగలగడమే గగనం.