గాలికి తలుపు ఊడితే పూచీ ఎవరిది?

ఐస్‌లాండ్‌లో కారు అద్దెకు తీసుకుంటే తాళంతో పాటు ఒక సలహా కూడా ఇస్తారు: బండిని గాలికి ఎదురుగా ఆపండి, తలుపు రెండు చేతులా పట్టుకుని తీయండి. వింటే నవ్వొస్తుంది. కానీ అట్లాంటిక్ మీది నుంచి వీచే ఈదురుగాలికి తలుపు వెనక్కి విరుచుకుపోవడం అక్కడ మామూలు సంగతి. చాలా బీమాలు ఆ ఖర్చు భరించవు. అది అద్దెకు తీసుకున్నవాళ్ల నెత్తిన పడుతుంది. ఆ ముక్క ఒప్పందంలో ముందే రాసి ఉంటుంది.

ఆ కాగితాలను ఓపిగ్గా చదివితే ఆ దేశపు భూగోళ పాఠం చదివినట్టే ఉంటుంది. దీవి చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు సుమారు 1,300 కిలోమీటర్లు. 1974లో దక్షిణాన వంతెనలు పూర్తయ్యాకే ఆ వలయం కలిసింది. దాన్ని వదిలి పక్కదారి పట్టారంటే చాలాచోట్ల కంకరే. ఊరి బయట తారు మీద గంటకు 90 కిలోమీటర్లు, కంకర మీద 80 దాటకూడదు. ఎదురొచ్చే బండి చక్రం కింది రాయి ఎగిరి అద్దానికి తగులుతుంది కాబట్టి కంకరకు వేరే బీమా ఉంది. దక్షిణ తీరంలో నల్ల ఇసుక మైదానాలు, అగ్నిపర్వతాలు కక్కిన బూడిద. పెనుగాలి లేస్తే ఆ ఇసుక కారు రంగును గరుకు కాగితంతో రుద్దినట్టు గీకేస్తుంది. దానికి ఇసుక, బూడిద బీమా అని ఇంకోటి.

అన్నిటికన్నా కఠినమైన షరతు నీళ్లది. నంబరు ముందు ‘ఎఫ్’ అక్షరం ఉన్న కొండదారుల్లోకి ఫోర్ వీల్ డ్రైవ్ బండితోనే వెళ్లాలన్నది చట్టం. మంచు కరిగాక, వేసవిలోనే అవి తెరుచుకుంటాయి. కొన్నిచోట్ల ఏరు అడ్డొస్తుంది, వంతెన ఉండదు. పొద్దెక్కేకొద్దీ హిమానీనదం కరిగి, ఉదయం మోకాలి లోతున్న ఏరు సాయంత్రానికి పొంగుతుంది. అందులో దిగి ఇంజిన్ పాడైతే, ఎంత ఖరీదైన బీమా తీసుకున్నా సాధారణంగా పైసా రాదు.

అక్కడంతా ధర్మమే నడుస్తోందని కాదు. మామూలు అద్దెలో కలిసి ఉండే బీమా ప్రమాదాన్ని పూర్తిగా భరించదు. మన వాటాగా కట్టాల్సిన సొమ్ము లక్ష రూపాయలు దాటడం కూడా ఉంటుంది. ఆ వాటా తగ్గించుకోమంటూ కౌంటర్ దగ్గర ఒక్కో బీమానూ అంటగట్టడం పెద్ద వ్యాపారం. భయాన్ని కూడా రోజువారీ రేటు చొప్పున అమ్ముతారు. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఏ ఆపదకు ఎవరు పూచీయో బండి ఎక్కకముందే తెలుస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మారేడుమిల్లికో లంబసింగికో అరకుకో సెల్ఫ్ డ్రైవ్ కారులో వెళ్లడం మామూలైపోయింది. ఫోన్‌లో షరతుల పేజీ వస్తే చదవకుండానే వేలితో నొక్కేస్తాం. చదివినా అందులో గీతలు, సొట్టలు, ఆలస్యపు రుసుము ఉంటాయి గానీ మన రోడ్డు కనిపించడం అరుదు. ఘాట్ మలుపులో పొగమంచు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, రాత్రి నడిరోడ్డున పడుకున్న బర్రెలు. ఇవేవీ ఆ కాగితం ఎక్కవు.

మన ఏర్లూ తక్కువవి కావు. వానాకాలంలో కాజ్‌వే మీద వాగు పారుతుంటే ‘ఏం కాదులే’ అని దించిన కారు కొట్టుకుపోయిందన్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా చదువుతూనే ఉన్నాం. ప్రాణం దక్కినా, నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసి చెడగొట్టుకుంటే మామూలు పాలసీ కింద సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ రక్షణకు విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. అద్దె కారుకు అది ఉందో లేదో అడిగేవాళ్లు ఎంతమంది?

అసలు మెలిక నంబర్ ప్లేటు దగ్గరుంది. లైసెన్సున్న సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెలిసినవాళ్ల ద్వారా చవగ్గా దొరికే తెల్ల ప్లేటు కారు సొంత వాడకానికి రిజిస్టర్ అయినది. దాని బీమా పాలసీ అద్దెకు తిప్పడాన్ని ఒప్పుకోదు. మిగిలిన ఐదు వందలు చూసి మురిసిపోతాం. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ చేతులెత్తేస్తే ఓనరూ, నడిపినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

ఐస్‌లాండ్‌లో ఉన్నన్ని రకాల బీమాలు మనకు అక్కర్లేదు. తాళం ఇచ్చే ముందు తెలుగులో ఒక్క పేజీ ఇస్తే చాలు. ‘ఈ కారుకు ఇంజిన్ బీమా లేదు. వాగు పారుతుంటే ఆగండి. దించితే ఖర్చు మీదే.’ ఈ మూడు వాక్యాలకు చట్టం మార్చనవసరం లేదు. ఓనరు రాయాలి, మనం అడిగి చదవాలి. అది చదివినవాడు కాజ్‌వే ముందు బ్రేకు మీద కాలు వేసి, కనీసం ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. ఆ నిమిషం చాలు.