టబ్బు తరవాత... ముందు కరెంటు!

డాలస్ శివారులో ఓ తెలుగువారిల్లు. పెరట్లో కొత్తగా పోయించిన సిమెంటు గచ్చు మీద ఓ పెద్ద టబ్బు. ఆరుగురు హాయిగా కూర్చోవచ్చు. వేణ్నీళ్లు నింపి మోటారు వేస్తే చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి నీళ్లు జోరుగా వచ్చి ఒళ్లంతా మర్దన చేస్తాయి. అక్కడివాళ్లు దాన్ని హాట్ టబ్ అంటారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతుంటే చూడలేక కొడుకు కొన్నాడు. అంతా బాగానే ఉంది. కానీ టబ్బు వచ్చి మూడు వారాలైనా అందులో చుక్క నీరు పడలేదు. కారణం... కరెంటు!

అసలు ఈ టబ్బుల కథ మొదలైందే ఓ నొప్పితో. అమెరికాలో స్థిరపడిన ఇటలీ సోదరులు జకూజీలు పంపులు తయారుచేసేవారు. వారిలో ఒకరైన క్యాండిడో కొడుకు కెన్నెత్‌కి పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేసే నీటి చికిత్స ఇంట్లోనే అందాలని బాత్‌టబ్బులో పెట్టుకునే పంపు తయారుచేశారు. అదే 1956లో 'జె-300' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ ఆ ఏర్పాటును తొట్టెలోనే అమర్చేశాడు. అలా ఒక పిల్లవాడి నొప్పి కోసం పుట్టిన యంత్రం, కాలక్రమంలో పెరట్లో విలాసంగా మారింది.

మళ్లీ డాలస్‌కి వద్దాం. 'పెద్ద పనేముంది నాన్నా, బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ పాయింటు గోడకి ఇవతలే ఉంది. అక్కణ్నుంచి వైరు లాగేద్దాం' అన్నాడు కొడుకు. నాన్న విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. టబ్బు చుట్టూ ఓసారి తిరిగి, దాని మీద అంటించిన రేకు చదివి, ఒక్కటే మాటన్నారు.

'ఒరేయ్, అందులో కూర్చునేది మీ అమ్మ. కాగితం, పెన్నూ పట్రా.'

వంద గీజర్ల నీళ్లు

టబ్బులో పట్టే నీళ్లు 1500 లీటర్లు. మన ఇళ్లల్లో గీజరు సాధారణంగా 15 లీటర్లది. అంటే వంద గీజర్ల నీళ్లన్నమాట! చలికాలం కుళాయి నీళ్లు 15 డిగ్రీల సెల్సియస్ ఉన్నాయనుకుంటే, వాటిని 39 డిగ్రీలకు తేవడానికి సుమారు 42 యూనిట్ల కరెంటు కావాలి. మూత పెట్టి ఉంచితే రోజూ అంత ఖర్చవదు, వేడి తగ్గినంత మేరకే. కానీ మొదటిసారి నింపినప్పుడు మాత్రం అంతా కాగాల్సిందే.

ఇక్కడే అమెరికా కరెంటుకీ మన కరెంటుకీ తేడా తెలుస్తుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 16 ఆంపియర్ల పాయింటు నుంచి మూడున్నర కిలోవాట్ల దాకా తీసుకోవచ్చు. అమెరికాలో గోడ పాయింటులో ఉండేది 120 వోల్టులే. 15 ఆంపియర్ల పాయింటు అయితే గంటల తరబడి వాడేందుకు సుమారు 1440 వాట్లకు మించకూడదు. అందుకే మామూలు ప్లగ్గుతో నడిచే చిన్న టబ్బుల్లో హీటరు ఒక కిలోవాటు స్థాయిలో ఉంటుంది. దాంతో ఈ నీళ్లు కాగాలంటే 42 గంటలు! పైగా అలాంటి టబ్బుల్లో మోటారు జోరుగా తిరుగుతున్నంతసేపూ హీటరు ఆగిపోవడం మామూలే.

కొడుకు కొన్నది పెద్ద టబ్బు. హీటరు అయిదున్నర కిలోవాట్లు. దీంతో ఎనిమిది గంటల్లోపే నీళ్లు సిద్ధం. కాకపోతే దీనికి 240 వోల్టులు కావాలి. అమెరికా ఇళ్లకు 120 వోల్టుల ఫేజు వైర్లు రెండు వస్తాయి. రెండింటి మధ్యా కలిపి తీసుకుంటే 240. హీటరు, మోటార్లు అన్నీ కలిపి రేకు మీద రాసి ఉన్నది 40 ఆంపియర్లు. గంటల తరబడి నడిచేదానికి పావు వంతు అదనంగా లెక్కేసుకోవాలన్నది అక్కడి నియమం. అంటే 50 ఆంపియర్ల బ్రేకరు. మరి డ్రయ్యర్ పాయింటో? సాధారణంగా 30 ఆంపియర్లది.

'చూశావా? నువ్వు లాగేద్దామన్న వైరు ఈ లోడు మోయలేదు' అన్నారు నాన్న. కొడుకు మాట్లాడలేదు.

ఇల్లు మోయగలదా?

తరవాతి ప్రశ్న ఇంటి మొత్తం లోడు. అక్కడ చాలా ఏళ్లుగా వాడుతున్న లెక్క ఒకటుంది. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి నడవవు కాబట్టి మొదటి 10 వేల వాట్లు పూర్తిగా, మిగతాది 40 శాతమే లెక్కలోకి తీసుకుంటారు. ఏసీ మాత్రం పూర్తిగా కలుపుతారు.

ఇల్లు 2400 చదరపు అడుగులు. అడుగుకి 3 వాట్ల చొప్పున లైట్లూ మామూలు పాయింట్లూ 7200. వంటగది పాయింట్లు 3000, బట్టలుతికేచోట 1500. కరెంటు పొయ్యి 12000, డ్రయ్యర్ 5000, నీళ్ల హీటరు 4500, గిన్నెలు కడిగే మెషిన్ 1200. కొత్త టబ్బు 9600. మొత్తం 44 వేల వాట్లు. అందులో మొదటి 10 వేలు, మిగిలిన 34 వేలల్లో 40 శాతం అంటే 13600. దానికి ఏసీ 5000 కలిపితే 28600. దాన్ని 240తో భాగిస్తే 119 ఆంపియర్లు.

ఇంటి మెయిన్ 200 ఆంపియర్లది. గండం గడిచింది! పాత ఇళ్లల్లో మెయిన్ 100 ఆంపియర్లే ఉండటం కద్దు. ఇవే సామాన్లతో అలాంటి ఇంట్లో ఉంటే ముందు మెయిన్ మార్పించుకోవాలి. అది టబ్బు ధరలో కనిపించని ఖర్చు. రేపు కరెంటు కారు కొంటే దాని ఛార్జరునీ ఈ లెక్కలోనే కలపాలి. అందుకే అనుభవజ్ఞులు చెప్పేదొకటే... టబ్బు రంగు తరవాత ఎంచుకోవచ్చు, ముందు ప్యానెల్ తలుపు తీసి చూడండి అని.

నాలుగు వైర్లు, అయిదడుగులు

లెక్క తేలాక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. నగర కార్యాలయం నుంచి పర్మిట్ వచ్చింది. తవ్వేముందు 811 నంబరుకి ఫోన్ చేస్తే భూమిలో గ్యాసు గొట్టాలూ కేబుళ్లూ ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టివెళ్లారు. అమెరికా అంతటికీ ఈ నంబరు 2007 నుంచి ఒకటే.

ప్యానెల్ నుంచి పెరట్లోకి వంద అడుగులు. పద్దెనిమిది అంగుళాల లోతున పీవీసీ గొట్టం వేసి అందులోంచి నాలుగు రాగి వైర్లు లాగారు. రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్. వైరు 6 గేజ్‌ది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని గుర్తుంచుకోవాలి. 6 గేజ్ రాగి వైరులో ఈ దూరానికి తగ్గిపోయే వోల్టేజీ నాలుగు వోల్టులే. డబ్బు మిగులుతుందని సన్నవైరు వేస్తే వోల్టేజీ తగ్గడం అటుంచి, వైరే వేడెక్కి ప్రమాదం తెస్తుంది.

టబ్బుకి అయిదడుగులకు తక్కువ కాకుండా, టబ్బు దగ్గర్నుంచి కళ్లకు కనబడేచోట, కరెంటు మొత్తం ఆపేసే స్విచ్చుపెట్టె ఉండాలి. అయిదడుగులు ఎందుకు? నీళ్లల్లో కూర్చున్న మనిషి తడిచేత్తో దాన్ని అందుకోకూడదని. కనబడాలని ఎందుకు? రిపేరు చేసేవాడు టబ్బు విప్పినప్పుడు, వెనకనుంచి ఎవరో తెలియక స్విచ్చు వేయకుండా చూసుకోవాలని. మామూలు ప్లగ్ పాయింట్లయితే టబ్బుకి ఆరడుగుల లోపు ఉండకూడదు. రేడియో తెచ్చి గట్టు మీద పెట్టుకునే సరదా చాలామందికి ఉంటుంది మరి!

వెంట్రుకవాసిలో ఆపేది

అన్నింటికన్నా ముఖ్యమైనది ఆ పెట్టెలో ఉంటుంది. పేరు జీఎఫ్‌సీఐ. మామూలు బ్రేకరు వైరుని కాపాడుతుంది కానీ మనిషిని కాదు. 50 ఆంపియర్లు దాటితేగానీ దానికి చీమ కుట్టదు. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదోవంతు కూడా చాలు. అంతకన్నా తక్కువ కరెంటుకే కండరాలు బిగుసుకుపోతాయి. నేల మీదైతే పక్కవాళ్లు కరెంటు తీసేదాకా ఊపిరి నిలవచ్చు. నీళ్లల్లో బిగుసుకుపోతే మునిగిపోవడమే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్ దీనిమీదే ఏళ్ల తరబడి పరిశోధించాడు. ఎంత కరెంటు తగిలితే మనిషి పట్టు వదలలేకపోతాడో కొలిచాడు. 1961లో ఈ పరికరాన్ని రూపొందించాడు. ఇది చేసే పని తేలిక. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమేనా అని కనిపెట్టి చూస్తుంటుంది. అయిదు మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందా... ఆ మిగతాది ఏ మనిషి ఒంట్లోంచో భూమిలోకి పోతున్నట్టే. రెప్పపాటులో ఆపేస్తుంది.

మొదటిసారి స్విచ్చు వేయగానే అది టక్కున పడిపోయింది. 'చెడిపోయినట్టుంది, మామూలుది పెట్టించేద్దాం' అన్నాడు కొడుకు. ఎలక్ట్రీషియన్ పెట్టె విప్పి చూశాడు. టబ్బు న్యూట్రల్ వైరుని జీఎఫ్‌సీఐకి కలపాల్సింది పోయి పక్కనున్న న్యూట్రల్ బద్దకి కలిపాడు. దాంతో తిరిగొచ్చే కరెంటు దాని లెక్కకి అందలేదు. అది చెడిపోలేదు, తన పని తాను చేసింది. మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తీసేయడం కాదు, ఎందుకు పడుతోందో చూడాలి.

గుంటూరికి ఫోను

ఆ రాత్రి నాన్న గుంటూరులో ఉన్న కూతురికి ఫోన్ చేశారు. అక్కడ తెల్లారింది. 'అమ్మాయ్, మనింటి మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది కదా, దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కి చూడు.' నొక్కింది. ఏమీ కాలేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

'ఆగలేదు నాన్నా.'

'అయితే సాయంత్రంలోగా మార్పించు. అప్పటిదాకా గీజరు వేయొద్దు. పిల్లలకి పొయ్యి మీద నీళ్లు కాచు. బకెట్లో రాడ్డు అసలే వద్దు.'

అమెరికాలో జీఎఫ్‌సీఐ చేసే పనే మన ఇళ్లల్లో ఆర్‌సీసీబీ చేస్తుంది. ఇళ్లల్లో వాడేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. ఎంసీబీ ఉంది కదా అని సరిపెట్టుకోకూడదు, రెండూ వేరు. ఆర్‌సీసీబీ ఉన్నవాళ్లు నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూసుకోవాలి. లేనివాళ్లు పెట్టించుకోవాలి. గీజరుకి మూడో పిన్ను ఉంటే చాలదు, ఆ పిన్ను వెనక ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. హైదరాబాదు విల్లాల్లో ఇలాంటి టబ్బే పెట్టించుకోవాలనుకుంటే మంజూరైన లోడు ఎంతో, త్రీఫేజు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి అన్నీ చూసి సంతకం పెట్టి వెళ్లాడు. రాత్రికి టబ్బులో నీళ్లు కాగాయి. కోడలు తువ్వాలు పట్టుకుని 'రండత్తయ్యా' అంది. అమ్మ గట్టు మీద కాలు పెట్టబోయింది.

'ఉండవే' అన్నారు నాన్న. అయిదడుగుల అవతల ఉన్న పెట్టె దగ్గరికెళ్లి టెస్ట్ బటన్ నొక్కారు. టక్! మోటారు ఆగింది. లైట్లు ఆరాయి. పెరడంతా నిశ్శబ్దం.

మళ్లీ స్విచ్చు వేసి వెనక్కి తిరిగారు.

'ఇప్పుడు దిగు.'