గడియారం చూసి వెళ్లిపోకండి

సాలార్‌జంగ్ మ్యూజియం చూడకపోతే హైదరాబాద్ చూసినట్టే కాదంటారు, నిజమే. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారిన ఆ సంపద ముందు ఎవరైనా నిలబడిపోతారు. కానీ గంటలు కొట్టే గడియారాన్నీ, మేలిముసుగు రెబెక్కానూ చూపించి పిల్లల్ని మళ్లీ బస్సెక్కించేస్తే ఊరి కథ సగం కూడా చెప్పినట్టు కాదు. రెబెక్కా ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన అద్భుతం. ఇక్కడి మనుషులు ఎలా బతికారో చెప్పాల్సింది మాత్రం ఇక్కడి ఇళ్లే. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల కోసం కట్టిన పొడవాటి కొయ్య అల్మారాల వెంట నడిస్తే ఆయన వైభవంతో పాటు, ఆ బట్టలు మడతపెట్టిన నౌకర్ల చాకిరీ కూడా మనసుకు తడుతుంది. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హయాంలో లేచిన కోఠీ రెసిడెన్సీ తర్వాత మహిళా కళాశాలై తరాల ఆడపిల్లలకు చదువు చెప్పింది. సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టింది. ఈ సంగతులు పాఠ్యపుస్తకంలో చదివితే గుర్తుండవు, ఆ గడప దాటితే గుర్తుంటాయి. అందుకే బడుల పెద్దలకు నా విన్నపం: ఈ ఏడాది విహారయాత్రలో మ్యూజియంతో పాటు ఒక్క పాత ఇంటినైనా చేర్చండి, దాని చరిత్ర తెలిసినవారి చేత పిల్లలకు తెలుగులో చెప్పించండి.