పేరు మార్చుకొస్తే పనిస్తారట!

"ఖాలా, సమాన అవకాశాలంటే ఏం జెప్పాలె?"

2023లో ఒక రాత్రి మా అక్క బిడ్డ ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నల్గొండలో జి.ఎన్.ఎం. చదివింది. ఇంగ్లాండులో ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోంలో ఉద్యోగం కోసం తెల్లారితే వీడియోలో ఇంటర్వ్యూ. ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారని ముందు వెళ్లిన పిల్లలు చెప్పారట. నేను ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఏళ్లకేళ్లు నర్సుగా అరిగిపోయినదాన్ని కనుక నాకు తెలుస్తుందని అడిగింది.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఎందుకంటే అంతకు ఆరు నెలల ముందే ఆ పిల్ల హైదరాబాదులో ఇళ్లకు ఆయాల్ని, కేర్‌టేకర్లను పంపే ఒక ఏజెన్సీ గడప ఎక్కి దిగింది. సర్టిఫికెట్లు చూసి అక్కడివాళ్లు అన్న మాటలివి: "పని మంచిగనే వచ్చమ్మా నీకు. కానీ పార్టీవాళ్లు ఒప్పుకోరు. ఇంట్ల పూజగది ఉంటది. పేరు లక్ష్మి అని చెప్పుకో. బుర్ఖా ఈడనే తీసిపెట్టి పో. రేపే డ్యూటీ ఏస్త."

అదీ ఈ దేశంలో దానికి దొరికిన అవకాశం! అమ్మీ అబ్బా పెట్టిన పేరు గడప బయట విడిచి, ఎవరిదో పేరు కప్పుకొని లోపలికి పోవాలి. తను ఎన్నడూ రుచి చూడని సమాన అవకాశం గురించి ఇప్పుడది ఇతరులకు వివరించాలి!

నా సంగతి మాత్రం వేరా? 1994లో ఒక నర్సింగ్ హోంలో నన్ను అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి. "రంజాన్‌కు ఉపవాసముండి కళ్లు తిరిగి పడిపోతే పేషంటు గతేం కావాలి?" "మీవాళ్లకు పిల్లలెక్కువ, ఎన్నిసార్లు సెలవు పెడతావ్?" సెలైన్ ఎక్కించడం వచ్చా, బెడ్‌సోర్ కడగడం వచ్చా అని ఒక్కరూ అడగలేదు. పని గురించి అడగాల్సినచోట నా పుట్టుక గురించి అడిగారు. నేను తలవంచుకొని జవాబులిచ్చాను. ఇంట్లో బియ్యం లేవు మరి.

"రాసుకో బేటా" అన్నాను ఆ రాత్రి. "అక్కడ 2010లో ఈక్వాలిటీ చట్టం వచ్చింది. తొమ్మిది సంగతులు పట్టుకొని ఎవర్నీ తక్కువ చూడొద్దంటది. వయసు, వైకల్యం, జెండర్ మార్చుకోవడం, పెళ్లి లేదా సివిల్ పార్ట్‌నర్‌షిప్, గర్భం-బాలింతతనం, జాతి, మతం లేదా విశ్వాసం, ఆడా మగా తేడా, లైంగికత. నువ్వు ముస్లింవి కాబట్టి పని లేదంటే అది నేరుగా చేసిన వివక్ష. 'ఎవ్వరూ తలకు గుడ్డ కట్టుకోవద్దు' అని అందరికీ ఒకే రూలు పెట్టినా, అది చుట్టు తిప్పి చేసిన వివక్ష కావచ్చు. దానికి సరైన కారణముందని యజమానే రుజువు చేసుకోవాలె."

"అందరికీ ఒకే రూలైతే తప్పెట్లయితది ఖాలా?"

అసలు సంగతి అక్కడే ఉంది. ఒకే రూలు అందరి మీదా ఒకేలా పడదు. అక్కడి ఆసుపత్రుల్లో మోచేతి కింద బట్ట ఉండొద్దని నియమముంది. రోగికి ఇన్ఫెక్షన్ అంటొద్దని పెట్టారు. న్యాయమైన కారణమే. అయినా చేతులు కప్పుకోవాలన్న నమ్మకమున్నవాళ్లు వాడి పారేసే స్లీవ్‌లు తొడుక్కోవచ్చని అక్కడి ఆరోగ్య శాఖ 2010లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. రోగి క్షేమమూ తప్పలేదు, నర్సు నమ్మకమూ పోలేదు. వెతికితే దారి దొరుకుతుంది. వెతకాలన్న మనసుండాలి!

సేవ చేయించుకునేవాళ్ల విషయమూ అంతే. మతిమరుపు ముదిరిన ముసలావిడ ఇంగ్లీషు మరిచిపోయి చిన్ననాటి పంజాబీలోకి జారిపోవచ్చు. ఒకామె స్నానానికి ఆడమనిషే కావాలంటుంది. ఒకరికి హలాల్ కావాలి, ఒకరికి నీసు వాసన పడదు. అందరికీ ఒకే పళ్లెం, ఒకే గంట, ఒకే చెయ్యి అంటే సమానత్వం కాదు. ఎవరి అవసరం వాళ్లకు అందడమే సమానత్వం.

మా పిల్ల కాసేపాగి మెల్లగా అడిగింది: "ఆ తొమ్మిదిట్ల మనవాళ్లకు నచ్చనియి గూడ ఉన్నయి గద ఖాలా? ఇద్దరు మగవాళ్లు జంటగ ఉంటే?"

"ఉంటే వాళ్ల మంచం దుప్పటి గూడ అంతే ప్రేమతోని మార్చాలె" అన్నాను. మన తలగుడ్డ కోసం అడిగే నోటితోనే ఇంకొకరి బతుకును వెక్కిరిస్తే మన హక్కు హక్కు కాదు, గిరాకీ బేరం అవుతుంది. ఈ మాట మావాళ్లకే ముందు చెప్పాలి. దూదేకులవాళ్లను పక్కన కూచోబెట్టుకోవడానికి మొహం ముడుచుకునే మా ఇళ్లలో కూడా ఈ చట్టం చదివి వినిపించాలి.

ఇక మీ సంగతి. "మాకు కులం లేదు, మతం లేదు, మేం మనుషుల్నే చూస్తాం" అనే ప్రగతిశీల మిత్రులారా! మీరు చూసే ఆ మనిషికి పేరు లేదా? 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ ఒక పరిశీలన ప్రచురించారు. పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేరున్న దరఖాస్తులకు పిలుపులు తగ్గాయి. దళిత పేర్లకూ తగ్గాయి. చదువు మారలేదు, పేరొక్కటే మారింది. మీరు మతాన్ని చూడనంత మాత్రాన అది కనిపించకుండా పోతుందా?

రాజ్యాంగం ఉంది కదా అంటారు. ఉంది. 16వ అధికరణం సర్కారు కొలువులో మతం చూపి నన్ను తోసేయొద్దంటుంది. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషనూ సర్కారు కొలువుకూ, చదువుకూ చెందిందే. కానీ ముసలమ్మను కడిగే పని సర్కారుదా? ఆ పనంతా ప్రైవేటు ఆసుపత్రిలో, ఏజెన్సీలో, మీ ఇంటి వెనక గదిలో ఉంది. అక్కడ మతం చూసి పని లేదన్నవాణ్ని నిలదీసే చట్టం దేశం మొత్తానికీ ఒక్కటి లేదు. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలంది. మాధవ మీనన్ కమిటీ 2008లో దానికి రూపురేఖలు కూడా గీసిచ్చింది. కాగితం కాగితంగానే ఉండిపోయింది.

ప్రైవేటు గడప దాటడం మన చట్టానికి రాదా? వచ్చు! 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం రాసుకోవాలంది. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం ప్రైవేటు ఉద్యోగంలోనూ వివక్ష కూడదంది. అవి సరిగా అమలు కాకపోవచ్చు, కానీ మాటైతే రాసి ఉంది. మతం దగ్గరికి వచ్చేసరికే కలం ఎందుకు ఆగిపోతుంది?

ఇంగ్లాండు జన్నత్ అని నేననను. ఏజెంట్లకు లక్షలు పోసి వెళ్లి మోసపోయినవాళ్లు ఎందరో. 2024 ఆగస్టులో అక్కడి అల్లరిమూకలు మసీదుల మీద రాళ్లేశాయి. 2022లో కేర్ వర్కర్లకు తెరిచిన వీసా తలుపును 2025 జులై 22న బయటి దేశాలనుంచి కొత్తగా వచ్చేవాళ్లకు మూసేశారు. చట్టం ద్వేషాన్ని చంపదు. కానీ అన్యాయానికి పేరు పెడుతుంది, ట్రిబ్యునల్ మెట్లెక్కే దారి చూపుతుంది. మా పిల్లకు హైదరాబాదులో ఎక్కడానికి ఏ మెట్లున్నాయి?

మర్నాడు ఇంటర్వ్యూలో అది ఏం చెప్పిందో తర్వాత ఫోన్ చేసి చెప్పింది. తొమ్మిదీ అప్పజెప్పిందట. చివర్లో తన మాటగా ఒక్కటి కలిపిందట: "నా పేరు నాకుండంగనే నాకు పని దొరకడం. వాళ్ల పేరు వాళ్లకుండంగనే వాళ్లకు సేవ అందడం." ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయింది. ఇవాళ ఎవరి అమ్మనో తన సొంత పేరుతోనే కడుగుతోంది.

దాని వెనక చదువుకుంటున్న పిల్లలకు ఆ తలుపు కూడా లేదు. వాళ్లు మీ ఏజెన్సీలకే వస్తారు, మీ గడపే ఎక్కుతారు. సర్కారును చట్టం అడుగుదాం, అడగవలసిందే. అంతకన్నా ముందు మీరొక పని చేయండి. మీ ఇంట్లో మంచం పట్టిన అమ్మకు అన్నం తినిపించి, డైపర్ మార్చి, రాత్రంతా మేలుకొని ఉండే ఆ "లక్ష్మి"ని పిలిచి అసలు పేరేమిటో అడగండి.

నిజం చెప్పాక కూడా తెల్లారి ఆమెకు పని ఉంటుందా?