ఖరగ్‌పూర్ గ్రంథపాలకుని చేతిలో ఫోను

న్యూఢిల్లీ: దేశ రాజధానిలో ప్రారంభోత్సవాలకు ఎన్నడూ కొదవ లేదు. అట్టి వానిలో ఒకటి 2018 జూన్ 19న జరిగింది. ఆనాటి మానవ వనరుల శాఖామంత్రి ప్రకాశ్ జావడేకర్ భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని జాతికి అంకితం చేశారు. 160కి పైగా సంస్థల నుంచి సేకరించిన 1 కోటి 70 లక్షల పాఠ్యవస్తువులు, 200కు మించిన భాషలలో, ఎవరికైనా, ఎప్పుడైనా, ఉచితంగా లభ్యమవుతాయని ఆనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఎన్నుకున్న ముహూర్తం కూడ సామాన్యమైనది కాదు. అది కేరళ గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోసిన పి.ఎన్. పణిక్కర్ వర్ధంతి. వూరూరా తిరిగి, మనిషి మనిషినీ పలకరించి గ్రంథాలయాలు నెలకొల్పిన మహనీయుని పేర, మనిషితో పని లేకుండా తెరుచుకునే గ్రంథాలయాన్ని ఆవిష్కరించారు. ఇందులోని చమత్కారం ఆనాటి సభలో ఎవరికైనా తోచిందో లేదో గాని, ఆ తర్వాత ఒకసారి ఖరగ్‌పూర్‌లో దిగినప్పుడు ఈ వ్యాసకర్తకు మాత్రం తోచింది.

ఖరగ్‌పూర్ పేరు ఎందుకు వచ్చిందంటే, ఆ జాతీయ గ్రంథాలయాన్ని నిర్మించి నడుపుతున్నది అక్కడి ఐ.ఐ.టి. కనుక. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు కట్టడంలో మొదలైన విద్యాసంస్థ అది. 1931 సెప్టెంబరు 16న అదే శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు రాజకీయ ఖైదీలను బలిగొన్నారు. జైలు విద్యాలయమైంది, విద్యాలయం యావద్దేశానికి పుస్తక భాండాగారమైంది. చరిత్ర ఒక్కొక్కప్పుడు తన బాకీలు తీర్చుకునే తీరు యిది.

కాగా, మన పాఠకులకు ఖరగ్‌పూర్ వేరొక కారణం చేత చిరపరిచితం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అక్కడ కార్ఖానా పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు తండోపతండాలుగా అక్కడికి తరలిపోయారు. 1927లో ఆ కార్ఖానా కార్మికులు సాగించిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ఒక ఘట్టం. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వారిలో ముఖ్యుడు, అనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని మనం పాఠ్యపుస్తకాలలో చదువుకున్న ప్లాట్‌ఫారం అక్కడిదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడితే నేటికీ తెలుగు మాట చెవిని పడకుండా వుండదు. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలు మరి కొద్ది మాసాలలో వస్తాయనగా, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఆ నిర్ణయానికి మూలం ఖరగ్‌పూర్ వోటరే అని వేరే చెప్పనక్కరలేదు.

రైల్వే క్వార్టర్ల నడుమ ఒక తెలుగు సంఘం వారి గదిలో నాలుగు బీరువాల పుస్తకాలున్నాయి. వానిని చూసుకునేది కార్ఖానాలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. జీతం లేదు, సంఘం వారు టీ ఖర్చులకు యిచ్చేదే. పేరు వ్రాయవద్దని కోరారు గనుక వ్రాయడం లేదు. "మా నాన్నగారు పలాస దాటి యిలా వచ్చారు బాబూ, నేను యిక్కడే పుట్టాను. తెలుగు చదవడం యీ బీరువాల దగ్గరే నేర్చుకున్నాను" అన్నారాయన. వారి కుమారులు, వారి స్నేహితుల పిల్లలు బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. గదికి వచ్చే పాఠకులు ఏటేటా తగ్గుతూ వచ్చారు. కోవిడ్ కాలంలో తలుపే మూతపడింది.

అప్పుడు ఆయన ఫోను చేతబట్టారు. గురువు మనుమరాలు. మొదట పుస్తకం అట్టను ఫోటో తీసి వాట్సాప్ బృందంలో పెట్టడం నేర్చుకున్నారు. తర్వాత తెలుగులో టైపు చేయడం. వేళ్ళు సహకరించక, నోటితో చెబితే అదే అక్షరాలుగా మారే సదుపాయాన్ని పట్టుకున్నారు. "నా శ్రీకాకుళం యాస దానికి పట్టుబడదు బాబూ, నేను అన్నది ఒకటి, అది రాసేది ఒకటి. ముందు నేను దానికి నేర్పాలి కాబోలు" అని నవ్వారు. ఆపైన ఒక చిత్రం జరిగింది. చదవలేని పిల్లల కోసం ఆయన రోజుకు రెండు పుటలు చదివి, గొంతు రికార్డు చేసి పంపడం ప్రారంభించారు. బెంగుళూరులో, పూణేలో ఉద్యోగాలు చేస్తున్న ఖరగ్‌పూర్ తెలుగు కుర్రవాళ్ళు వినడం మొదలుపెట్టారు. నాలుగు బీరువాల గ్రంథాలయానికి ఎన్నడూ లేనంత మంది పాఠకులు, కాదు, శ్రోతలు ఏర్పడ్డారు.

ఇందులో ప్రభుత్వం పాత్ర ఏమిటని అడిగితే, శూన్యం. కోటి డెబ్బయి లక్షల వస్తువుల గ్రంథాలయం అదే వూళ్ళో వున్నదని ఆయన ఎరుగుదురా అని అడిగాను. "పత్రికలో చదివాను. లోపలికి ఎలా వెళ్ళాలో చెప్పిన వాళ్ళు లేరు" అన్నది జవాబు. దోషం ఐ.ఐ.టి. వారిది అనలేము. వారికి అప్పగించిన పని విద్యార్థులకు పాఠ్యసామగ్రి చేర్చడం; దానికి యజమాని విద్యామంత్రిత్వ శాఖ. ప్రజా గ్రంథాలయాలకు నిధులిచ్చే రాజా రామమోహన్ రాయ్ ఫౌండేషను సాంస్కృతిక శాఖ క్రిందిది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాలు నడిపే గ్రంథాలయాలు రాష్ట్రాల జాబితాలోనివి. ఇక రైల్వే కాలనీలలోని సంఘాల గ్రంథాలయాలు ఎవరి జాబితాలోనూ లేవు. ఢిల్లీలో రెండు మంత్రిత్వ శాఖల నడుమ నాలుగడుగుల వరండా వుంటే, దానిని దాటడానికి ఒక ఫైలుకు నాలుగేళ్ళు పట్టడం మనకు కొత్త కాదు.

పరాయి దేశపు ముచ్చట ఒకటి యిక్కడ చెప్పవలసి వున్నది. 2006లో అమెరికాలో, ఉత్తర కెరొలైనా రాష్ట్రం షార్లెట్ నగరపు ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లవర్స్ అనే ఉద్యోగిని తమ సిబ్బంది కోసం ఇరవై మూడు చిన్న అభ్యాసాలు రూపొందించారు. బ్లాగు వ్రాయడం, ఫోటోలు పంచుకోవడం, వికీలో దిద్దుబాటు చేయడం వంటివి. అటెండరు మొదలు అధికారి వరకు ఎవరికి వారే నేర్చుకోవచ్చు. గడువులోగా పూర్తి చేసిన వారికి పాటలు వినే చిన్న యంత్రం బహుమానం. అది తర్వాత అనేక దేశాల గ్రంథాలయాలకు ప్రాకింది. అందులో గొప్ప సాంకేతిక రహస్యమేమీ లేదు. ఉద్యోగి ఆ పనిని తన ఉద్యోగంలో భాగంగా నేర్చుకునే అవకాశం అక్కడి యాజమాన్యం కల్పించింది. మన దేశంలో ఆ బాధ్యత మనుమరాలికి వదిలివేశాము. ఫోను ఆయనది, నెలనెలా రీచార్జి ఆయన పెన్షను లోనిది.

అమెరికా దాకా పోవడం ఎందుకు? 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార ప్రతినిధుల మహాసభ జరిపిన జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికే జీవితం ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుని దగ్గరకు పోవాలన్నది ఆ పడవ తత్త్వం. ఖరగ్‌పూర్ పెద్దమనిషి చేతిలోని ఫోను నా కంటికి ఆ పడవలాగే కనిపించింది. తేడా ఒక్కటే. కాలువ సర్కారుదైనా, పుస్తకాల పడవను గురించి ఎవరూ కేసు పెట్టలేదు.

ఆ భయం వట్టిది కాదు. 2012 మార్చిలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, తన సహాయంతో నడిచే గ్రంథాలయాలలో ఫలానా పత్రికలు మాత్రమే కొనవలెనని సర్క్యులరు జారీ చేసింది. మొదటి జాబితాలో ఎనిమిది పేర్లు. గొడవ జరిగిన మీదట జాబితా పెరిగింది. ఆ తర్వాతి మాసంలోనే, ముఖ్యమంత్రిని గురించిన వ్యంగ్య చిత్రాన్ని ఈ-మెయిలులో పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్రను అరెస్టు చేశారు. అట్టి అరెస్టులకు ఆయుధమైన 66-ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా ఆచార్యులవారికి కేసు నుంచి పూర్తి విముక్తి లభించేసరికి 2023 జనవరి వచ్చింది. ఒక్క బొమ్మకు పదకొండేళ్ళు! విశ్వవిద్యాలయ ఆచార్యునికే ఆ గతి పడితే, బృందాన్ని నడిపే గ్రంథాలయ సేవకుని పరిస్థితి ఏమిటి? బృందంలో ఎవరో పెట్టిన దానికి నిర్వాహకుని బాధ్యుని చేయరాదని బొంబాయి, కేరళ హైకోర్టులు 2021, 2022లలో తీర్పులు చెప్పాయి. ఖరగ్‌పూర్ గదిలో ఆ తీర్పుల మాట ఎవరూ వినలేదు. విన్నది మాత్రం, అడ్మిన్‌ను పట్టుకుపోతారన్న పుకారు. అందుచేత ఆయన ఎన్నికల రోజులలో బృందంలో ఎవరూ ఏమీ వ్రాయడానికి వీలు లేకుండా తాళం వేస్తారు. అందుకు ఆయనను తప్పు పట్టే ధైర్యం నాకు లేదు.

ప్రభుత్వోద్యోగులైన గ్రంథపాలకుల ఇరకాటం వేరు. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించరాదన్న ప్రవర్తనా నియమావళి వారి మెడ మీద వున్నది. ఒక పుస్తకం బాగున్నదని వ్రాయడం అభిప్రాయమా, విధినిర్వహణా? ఆ పుస్తకం ప్రభుత్వాన్ని విమర్శించేదైతే? ఈ ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు చెప్పిన అధికారి నాకు ఢిల్లీలో ఎదురు పడలేదు.

మరొక చిక్కు హక్కులది. ఆయన ఒకనాడు ఉత్సాహం కొద్దీ ఒక పుస్తకం మొత్తాన్ని పుట పుటా ఫోటో తీసి బృందంలో పెట్టబోయారట. రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్ళ వరకు హక్కులు వారసులవి అని 1957 నాటి కాపీరైటు చట్టం, సవరణల మీదట, చెబుతున్నది. గురజాడ 1915లో పోయారు. ఆయన రచనలను ఎవరైనా ముద్రించవచ్చు, చదివి వినిపించవచ్చు. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు. 2039, 2043 సంవత్సరాంతాల వరకు వారి జీవితకాలంలో వెలువడిన రచనలకు రక్షణ వున్నది. ఇంత చిన్న సంగతి ఒక పుటలో తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రంథాలయానికీ పంపడానికి ఏ బడ్జెట్టు కావాలి?

పెద్ద యంత్రాంగానికి యీ చిన్న మనిషి అవసరం ఎంతటిదో తెలియడానికి పాత అనుభవం ఒకటి వున్నది. మన కాటూరు బిడ్డ రాజ్ రెడ్డి చొరవతో నడిచిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను స్కాను చేసింది. పని గొప్పది. కాని గ్రంథాల పేర్లను ఇంగ్లీషు లిపిలో, వింత వింత వర్ణక్రమాలతో ఎక్కించారు. పుస్తకం వున్నది, వెతికితే దొరకదు. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ఆ జాబితాలను తెలుగు పేర్లతో తిరగవ్రాశారు. 2017 ప్రాంతంలో ఆ సర్కారు వెబ్‌సైటు మూతపడినప్పుడు, ఆ పుస్తకాలలో అనేకం మనకు దక్కింది ఇతరులు ముందుచూపుతో ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో భద్రపరచినందువల్లనే. పుస్తకం పేరు తెలిసిన మనిషి లేకపోతే కోట్ల పుస్తకాలున్నా గోదాములో ధాన్యం వంటివే.

డబ్బు లేదని చెబితే నమ్మడం కష్టం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం "ఒకే దేశం, ఒకే చందా" పథకానికి మూడేళ్ళకు గాను 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ముప్పది ప్రచురణ సంస్థల సుమారు 13,000 పరిశోధన పత్రికలు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వస్తాయి. మంచిదే. ఆ సొమ్ములో అత్యధిక భాగం విదేశీ ప్రచురణకర్తలకు పోతుంది. వీధి గ్రంథాలయం ఆ పథకంలో లేదు. రాష్ట్రాల సంగతి చూస్తే, మన తెలుగునాట ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే చట్టమైనా వున్నది. వసూలైన సొమ్మును పురపాలక సంఘాలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు బదిలీ చేయకపోవడం వేరే కథ. పశ్చిమ బెంగాల్ 1979 చట్టంలో పన్నే లేదు. అక్కడ ఖాళీ అయిన పోస్టులు నింపక అనేక గ్రంథాలయాలు వారంలో కొద్ది రోజులే తెరుచుకుంటున్నాయి. ఒక్కరే రెండు మూడు చోట్ల తాళాలు మోస్తున్నారు.

తెలుగుకు అధికార హోదా యిచ్చిన ప్రభుత్వం ఖరగ్‌పూర్ ప్రాంతపు గ్రంథాలయాలలో ఒక్క తెలుగు తెలిసిన ఉద్యోగిని నియమించినా ఆ నిర్ణయానికి అర్థం వుంటుంది. జాతీయ గ్రంథాలయం వారు తమ క్యాంపసు గేటు దాటి రెండు రోజులు గోల్‌బజార్‌లో, నింపురాలో కూర్చుని, యిటువంటి పెద్దలకు లోపలికి దారి చూపించడం అంతకంటె సులభం. హైదరాబాదు, అమరావతి ప్రభుత్వాలు కూడ ప్రవాసాంధ్ర మహాసభలలో శాలువాలు కప్పించుకోవడంతో సరిపెట్టక, బీరువాలు కాపాడుతున్న వారికి ఏటా కొన్ని కొత్త పుస్తకాలు పంపవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మంత్రివర్గ నిర్ణయం అవసరమైనంత పెద్ద పని కాదు.

తిరుగు ప్రయాణంలో బండి ఎక్కబోతుండగా ఆయన ఒక సందేహం అడిగారు. తాను చదివి పంపిన గొంతు ఫైళ్ళు ఫోను చెడిపోతే ఏమవుతాయి అని. ఎక్కడైనా భద్రపరచవచ్చునన్నాను. "ఎక్కడ?" అన్నారు. ఐ.ఐ.టి. వున్న దిక్కుగా చేయి చూపించాను. ఆయన అటు చూసి, రిక్షాకు పది నిమిషాల దారేనన్నారు.